ఏడు, ఎనిమిది, తొమ్మిది వరసలు

ఈరోజు పొద్దున పదకొండు గంటలకి, ద్వారకా నగర్‌లో ఒక మేడ మీది హాల్లో, నేను ఒక అబద్ధం చెప్పాను. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. నిజం చెబితే నాకు పోయేదేమీ లేదు. అయినా నోటికొచ్చింది, అనేశాను.

రెండు రోజుల చేతిపనుల ప్రదర్శన అది. పోర్టులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాక నేను క్రోషియా సూది పట్టుకుని ఊలు జంతువుల్ని అల్లడం మొదలుపెట్టాను. నాకిచ్చిన బల్ల మీద పీతల్ని, పిల్లుల్ని, ఒక ఏనుగుని, ఏడు తాబేళ్ళని సర్దుకుని కూర్చున్నాను. అప్పుడే సంచిలోంచి తీసిన బొమ్మలు కావడంతో కొత్త ఊలు వాసన, దానికి పట్టుకున్న కలరా ఉండల వాసన బల్ల చుట్టూ తిరుగుతున్నాయి. ప్రదర్శన పెట్టినవాళ్ళలో హారిక అని పాతికేళ్ళ అమ్మాయి ఒకతి వచ్చి, బొమ్మలన్నీ ఒక్కొక్కటే ఎత్తి చూసి, తాబేలు దగ్గర ఆగిపోయింది. దాన్ని తిరగేసి బొడ్డు చూసింది, డిప్ప మీద వేలు పెట్టి వరసలు లెక్కపెట్టింది.

"పీతలూ పిల్లులూ ఫోన్లో చూసి అల్లినవే కదా సార్, నాకూ తెలుసు. ఈ తాబేలుని మాత్రం ఎక్కడా చూళ్ళేదు. దీని డిజైన్ ఎవరిది?"

"నాదేనమ్మా," అన్నాను.

ఆ పిల్ల ముఖం విప్పారింది. బడిపిల్లల కోసం వాళ్ళు ఒక చిన్న పుస్తకం వేస్తున్నారట, పది బొమ్మలు అల్లే పద్ధతి వరసవారీగా లెక్కలతో అందులో ఉంటుందట, నా తాబేలుకి రెండు పేజీలు ఇస్తుందట. "రేపు పొద్దున్నే ప్రెస్సుకి ఎల్లిపోద్ది సార్. సాయంత్రం ఆరింటికల్లా లెక్కలు రాసిచ్చెయ్యండి," అని చెప్పి, ఒక అట్టముక్క మీద ‘తాబేలు, రూపకల్పన: సన్యాసిరావు’ అని గుండ్రటి అక్షరాలతో రాసి నా ముందు నిలబెట్టి వెళ్ళిపోయింది.

ఆ తాబేలు నాది కాదు. మా అప్పది. మా వైపు అక్కని అప్ప అంటాం. ఆవిడ పేరు పైడితల్లి. ఆవిడకి చెందాల్సిన దాన్ని ఆవిడకి దక్కకుండా చెయ్యడం నాకు ఇది రెండోసారి. మొదటిసారి నాకు పదకొండేళ్ళు.

అప్పుడు మేము పాత ఊళ్ళో, ఓడలు లోపలికొచ్చే కాలువకి దగ్గర్లో ఒక సందులో ఉండేవాళ్ళం. పోర్టులో గుట్టలుగా పోసిన ఇనుప రాయి నుంచి ఎర్ర దుమ్ము లేచి, ఆరేసిన బట్టల మీద, నీళ్ళ కుండల మూతల మీద, పడుకున్న పిల్లల కనుబొమ్మల మీద కూడా పడేది. ఎండాకాలం సాయంత్రాలు అమ్మ గచ్చు మీద నీళ్ళు చల్లితే ఆ నీళ్ళు ఎర్రగా కాలవ కట్టి సందులోకి పోయేవి, వానాకాలం ఉప్పుగాలికి గోడలు పొంగి సున్నం పెచ్చులుగా ఊడి మా పుస్తకాల మీద పడేది, ఎండుచేపల బుట్టలు తలకెత్తుకుని ఆడవాళ్ళు వెళ్ళిపోయిన పావుగంట దాకా వాళ్ళు ఇంకా సందులోనే ఉన్నట్టు ఉండేది. మార్గశిర మాసం గురువారాలు అమ్మవారి గుడికి పోయే జనంతో తెల్లారకముందే సందు నిండిపోయి ఇంటింటా పులిహోర పోపు చిటపటలాడేది. రంజాన్ పండగనాడు ఎదురింటి రజియా ఆపా పాలల్లో ఉడికిన సేమ్యా, ఖర్జూరం ముక్కలు, చారపప్పు వేసిన గిన్నె మీద తెల్లటి లేసు గుడ్డ కప్పి పంపేది. గిన్నె ఖాళీ అయ్యే దాకా నేను గిన్నెనే చూసేవాణ్ణి. అప్ప మాత్రం గుడ్డని చూసేది.

ఆ లేసు ఆపా చేత్తో అల్లినదే; ఆపా అంటే ఉర్దూలో అక్క. ఆపా మొగుడు దర్జీ. ఆవిడకి చదవడం రాయడం రాదు గానీ, కొన వంకీ తిరిగిన ఒక్క ఇనుప సూదితో ఏ ఆకారమైనా తీసేది. పదమూడేళ్ళప్పుడు అప్ప ఆవిడ గుమ్మంలో చేరింది. అల్లిక నేర్పుతూ ఆపా ఒక నియమం పెట్టింది. కొత్త బొమ్మ కట్టేటప్పుడు చెయ్యి ఆపకూడదు, లెక్క గట్టిగా పైకి చెప్పాలి, పక్కన ఇంకొకళ్ళు కూర్చుని అది రాయాలి. "నీ చేతికి సూది ఒక్కటే పని బేటీ. కలం ఇంకో చేతికివ్వు. అల్లేది మధ్యలో ఆపి రాస్తావా, దారం బిగువు మారిపోద్ది," అనేది. ఆపాకి ఆమె కూతురు రాసేది. అప్పకి నేను రాసేవాణ్ణి.

ఆ రాయడం నాకు మొదట్లో గొప్పగానే ఉండేది. వెలుతురు కోసం అప్ప పెరటి గుమ్మంలో నావైపు వీపు పెట్టి కూర్చునేది. నేను వెనక చాప మీద బోర్లా పడుకుని నోటుపుస్తకంలో రాసేవాణ్ణి. ఒకటో వరస, ఆరు కళ్ళు, అంటే ఆరు ముడులు. రెండో వరస, ఆరు పెంచు. మూడో వరస, ఆరు పెంచు. వరసకి ఆరు చొప్పున పెంచుకుంటూ పోతే అల్లిక పళ్ళెంలా చదునుగా వస్తుందనీ, పెంచడం ఆపితే గిన్నెలా వంగుతుందనీ, మరీ ఎక్కువ పెంచితే అంచు అప్పడంలా అలలు తిరుగుతుందనీ సూది పట్టకుండానే నాకు తెలిసిపోయింది. దారం కొనడానికి మాకు వీలుండేది కాదు. పోర్టులో నాన్నకి ఇచ్చే నూలు చేతి తొడుగులు వేళ్ళ దగ్గర చిరిగిపోగానే అప్ప వాటిని విప్పి, దారాన్ని ఉడకబెట్టి, ఎండబెట్టి, టీ డికాక్షన్‌లోనో గోరింటాకు నీళ్ళలోనో ముంచి రంగు వేసేది. ఎంత ఉడికించినా ఆ దారంలోంచి ఓడల గ్రీజు వాసన పూర్తిగా పోయేది కాదు. లోపల కూరడానికి పాత దిండులోని బూరుగు దూది, కళ్ళకి చొక్కా గుండీలు. అలా పిల్లి పుట్టింది, మేక పుట్టింది, తోక తెగిన బల్లి కూడా పుట్టింది. తోక తెగినట్టే కట్టిందా, దారం చాలక అలా వదిలేసిందా అని నేనడిగితే, "దానికే తెలీదు, నీకెందుకురా," అంది.

తాబేలు నాకు పదకొండేళ్ళప్పటి చలికాలంలో వచ్చింది. గుడ్లు పెట్టడానికి సముద్రపు తాబేళ్ళు ఒడ్డుకొచ్చే రోజులు. ఒక ఆదివారం పొద్దున నాన్న మా ఇద్దర్నీ తీరానికి తీసుకెళ్తే, వలలో చిక్కుకుని చచ్చి కొట్టుకొచ్చిన తాబేలు ఒకటి ఇసకలో పడి ఉంది. కుక్కలు రాకుండా జాలరి పిల్లలు కాపలా కాస్తున్నారు. నేను ముక్కు మూసుకుని దూరంగా పోయాను. అప్ప గొంతుక్కూర్చుని దాని డిప్ప మీద చెయ్యి వేసి, నడినెత్తి నుంచి అంచు దాకా మెల్లగా పాముతూ ఏదో గొణుక్కుంటోంది. దగ్గరికొచ్చి వింటే అంకెలు.

ఆ తాబేలు మీద అప్ప బతుకు ఆధారపడి ఉందని మా ఇంట్లో అందరికీ తెలుసు. అప్పకి పదో తరగతి అయిపోయింది. ఊళ్ళో ఆడపిల్లలకి చేతిపనులు నేర్పే రెండేళ్ళ కోర్సు ఒకటుంది. అందులో చేరాలంటే సొంతంగా రూపం కట్టిన వస్తువు ఒకటి దరఖాస్తుతో ముందే పంపాలి, తరవాత పరీక్షకి పిలిచినప్పుడు దాన్నే లెక్క కాగితం చూసుకుంటూ వాళ్ళ ఎదురుగా మళ్ళీ చెయ్యాలి. నాన్న కోపంగా ఏమీ అనలేదు. టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ, "సీటొస్తే సదువుకో పైడీ. రాపోతే సింహాచలంలో మీ అత్త కొట్టుకాడికి ఎల్లిపో. అదొక్కతీ సేసుకోలేకపోతంది," అన్నాడు. అత్తది కొండ కింద కొబ్బరికాయల కొట్టు. అప్ప తలూపింది.

డిప్ప కుదరడానికి వారం పట్టింది. అల్లేది, చూసేది, విప్పేసేది. నేను రాసేవాణ్ణి, కొట్టేసేవాణ్ణి. చివరికి ఒక సాయంత్రం, "ఇదే ఆఖరు, సక్కగా రాయరా తమ్ముడూ," అని మొదలుపెట్టింది. ఒకటి నుంచి ఆరు వరసలు రాశాను. అప్పుడు ఓడ కూత వినిపించింది. మామూలు కూత కాదు, కడుపులో దిగే కూత. సందులో పిల్లలంతా "పెద్దదిరా, ఒరే పెద్దది!" అని అరుస్తూ కాలువ వైపు పరుగు తీశారు. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి ఆ ఇరుకు కాలువలోకి ఓడ దూరుతుంటే ఇంటి ముందునుంచి మేడ నడిచిపోతున్నట్టు ఉంటుంది. ఆ వారమంతా నేను దేనికీ పోలేదు, ఏడు పెంకులాటకి కూడా. అప్ప వీపు నావైపే ఉంది. తల వంచుకుని లెక్క చెబుతూనే ఉంది. నేను కలం చాప మీద పెట్టి, శబ్దం రాకుండా లేచి, పరుగెత్తాను.

ఓడ నిజంగానే పెద్దది. దాని పొట్ట ఎర్రగా తుప్పు పట్టి ఉంది. మీద నిలబడ్డ తెల్లవాడొకడు మాకు చెయ్యి ఊపాడు. నేను తిరిగొచ్చేసరికి అప్ప "పదో వరస, పెంచేది లేదు" అంటోంది. చప్పుడు కాకుండా చాప మీద వాలి పదో వరస రాశాను.

"తొమ్మిది దాకా రాసేవా?" అంది వెనక్కి తిరక్కుండానే.

"రాసేనప్పా."

పుస్తకంలో ఏడు, ఎనిమిది, తొమ్మిది ఖాళీగా ఉన్నాయి. మళ్ళీ చెప్పమంటే ఓడ దగ్గరికి పోయానని తెలిసిపోతుంది. అంతకుముందు వరసలన్నింటికీ ఆరు పెంచమనే ఉంది కదా, ఈ మూడింటికీ అదే అయి ఉంటుందనుకున్నాను. ఆరు పెంచు, ఆరు పెంచు, ఆరు పెంచు. అందంగా, కొట్టివేతలు లేకుండా రాశాను.

తాబేలు పూర్తయి దరఖాస్తుతో వెళ్ళిపోయింది. నెల తరవాత పరీక్షకి పిలుపొచ్చింది. నాన్న డ్యూటీకి వెళ్ళాడు, అమ్మకి జ్వరం. తోడుగా నన్ను పంపారు. అప్ప నీలం వోణీ వేసుకుని, నా నోటుపుస్తకంలోని ఆ కాగితాన్ని జాగ్రత్తగా చించి మడతపెట్టి పట్టుకుంది. ఆ గది వరండాలో నాకు కూర్చోడానికి చోటు ఇచ్చారు గానీ నేను కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాను. పరీక్ష చేసే ఆవిడ బల్ల మీద అప్ప తాబేలు ఉంది. "ఇది మా దగ్గరుంటుంది. మీ కాగితం మీ దగ్గరుంటుంది. డిప్ప ఒక్కటీ అల్లి చూపించండి. రెండు గంటలు," అందావిడ.

మొదటి ఆరు వరసలకి అప్ప కాగితం వైపు చూడను కూడా లేదు. వేళ్ళు వాటంతటవే పోతున్నాయి. ఏడో వరస దగ్గర కాగితం చూసింది. ఆగింది. మళ్ళీ చూసింది. కాగితంలో ఉన్నట్టే అల్లింది. తొమ్మిది అయ్యాక అల్లికని అరచేతిలో పెట్టుకుంది. అది డిప్పలా వంగలేదు, రొట్టెలా పరుచుకుని ఉంది. అప్ప దాన్ని అటూ ఇటూ లాగి చూసి, మూడు వరసలూ విప్పేసింది. మళ్ళీ కాగితం చూస్తూ అల్లింది. మళ్ళీ రొట్టె. చెమట చేతులకి దారం తడిసి నల్లబడింది. ఊచల్లోంచి ఒక్క కేక వేస్తే చాలు. ‘అప్పా, ఆ మూడూ నాను కల్పించి రాసేను, కాగితం సూడకు, నీకు తోసినట్టు అల్లు.’ అంతే. ఇప్పటికీ ఆ వాక్యం నాకు అలాగే, మా ఇంటి మాటలోనే వస్తుంది. ప్యూను వచ్చి, "కిటికీ కాడ నిలబడకు గుంటడా, ఎలుగు అడ్డొస్తంది," అని నన్ను తోసేశాడు. తోసినందుకు లోపల్లోపల సంతోషించాను. ఇక నేను చూడక్కర్లేదు.

గంట కొట్టాక తెరిచిన తలుపులోంచి చూస్తే, ఆవిడ తాబేలునీ, కొత్త అల్లికనీ పక్కపక్కన పెట్టింది. ఆమె గొంతు వరండాలోకి స్పష్టంగా వినిపించింది. "ఇది నువ్వు కట్టిందే అయితే రెండోది ఎందుకు రాలేదమ్మా?" "ఎవరు చేసిచ్చారు?" అని ఆవిడ మళ్ళీ అడిగింది. అప్ప కాగితం మడతపెట్టుకుని బయటికొచ్చేసింది. తాబేలుని వాళ్ళు తిరిగి ఇవ్వలేదు, అప్ప అడగలేదు.

ఇంటికి నడిచి వస్తుంటే దారిలో అప్ప ఆగింది.

"ఒరే, ఆ ఏడో వరసా, ఎనిమిదీ, తొమ్మిదీ... నాను సెప్పిందే రాసేవా నువ్వు?"

"నువ్ సెప్పిందే రాసేను."

నాలుగడుగులు వేసి మళ్ళీ ఆగింది. "అమ్మతోడేటి?"

"అమ్మతోడు."

ఇంటికొచ్చాక సూది తీసుకెళ్ళి రజియా ఆపాకి ఇచ్చేసింది. ఆపా అడిగినదానికి ఏదో చెప్పింది, అదేమిటో నాకు వినబడలేదు. పది రోజుల్లో అప్ప సింహాచలం వెళ్ళిపోయింది. పెళ్ళి అక్కడే అయింది, పిల్లలు అక్కడే పుట్టారు, అత్త పోయాక కొట్టు తనదయింది. కష్టపడి బాగానే బతికింది. కానీ మళ్ళీ సూది పట్టలేదు. నా కూతురు పుట్టినప్పుడు అమ్మ, ఒక ఊలు టోపీ అల్లి పెట్టవే అని ఎంతగానో అడిగింది. అప్ప నవ్వి, "నా సెయ్యి మంచిది కాదమ్మా, కొని తెత్తాను," అంది. నేను పక్క గదిలో ఉన్నాను. బయటికి రాలేదు.

రిటైరయ్యాక ఆ తాబేలుని గుర్తు చేసుకుంటూ నేను అల్లడం మొదలుపెట్టినప్పుడు, ఆ మూడు వరసల దగ్గరే ఆగిపోయాను. నెలన్నర తంటాలు పడి, మూడింట్లోనూ ఏమీ పెంచకుండా వదిలేస్తే డిప్ప వంగుతోందని కనిపెట్టాను. అదే నా పాపానికి సాకు కూడా అయింది. తప్పిన చోటు నేనే సరిచేసుకున్నాను కదా, ఇక ఇది నాదే అనుకోవడం ఎప్పుడు మొదలుపెట్టానో నాకే తెలీదు. పొద్దున హారిక అడిగినప్పుడు ‘నాదేనమ్మా’ అని అంత సులువుగా అన్నది ఆ అలవాటే. అట్టముక్క మీద నా పేరు చూసుకుంటూ అరగంట కూర్చున్నాను. నీకెవరు చేసిచ్చారని నా అప్పని అడిగారు. నన్ను ఎవరూ అడగలేదు.

పన్నెండుకి బల్లని పక్కాయనకి అప్పగించి, బస్సుల కాంప్లెక్సు దాకా నడిచి సింహాచలం బస్సెక్కాను. దారిపొడుగునా ఏం చెప్పాలో కూర్చుకుంటూనే ఉన్నాను. మద్దిలపాలెం దాటేసరికి ఒక మాట దొరికింది, ఇంకాస్త పోయాక అది కూడా సాకులాగే వినిపించింది. కొండ కింద దిగేసరికి నా దగ్గర ఏ మాటా లేదు.

అప్ప కొట్లో ఒక్కతే ఉంది. నన్ను చూడగానే, "ఏట్రా, సెప్పకుండా ఊడిపడ్డావ్! దర్సనానికా? ఈ ఎండలోనా? కూకో, కూకో," అని స్టూలు జరిపింది. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. ముందు పొద్దుటి సంగతి చెప్పాను. అప్ప నవ్వేసింది. "పోన్లేరా, తాబేలుకి ఎవడి పేరైతే ఏటి! నాకు అవార్డిత్తారేటి ఇప్పుడు?" అంది. అప్పుడు ఓడ సంగతి చెప్పాను. చాప మీద కలం పెట్టి లేచిపోయిన సంగతి, మూడు వరసలూ కల్పించిన సంగతి, కిటికీ ఊచల సంగతి. నవ్వు ముఖం మీద నుంచి పోయింది. కొబ్బరికాయ పీచు తీస్తున్న చెయ్యి ఆగిపోయింది.

ఎవరో భక్తులు వచ్చారు. రెండు కాయలు, అరటిపళ్ళు, అగరొత్తులు ఇచ్చింది. వాళ్ళ పిల్లాడు ఏడుస్తుంటే అరటిపండు ఒకటి ఊరికే వాడి చేతిలో పెట్టింది. వాళ్ళు వెళ్ళాక నావైపు చూడకుండా అంది.

"రెండు సార్లు అడిగేను నిన్ను."

"అడిగేవు."

"అమ్మ మీద ఒట్టేసేవు."

"ఏసేను."

"నా సెయ్యే తప్పనుకున్నాన్రా." గొంతు పెద్దది చెయ్యలేదు. "ఇన్నేళ్ళూ. ముగ్గు ఏసినా, పూల దండ కట్టినా, ఇది వంకరొచ్చెద్దేమో, నా సెయ్యింతే కదా అనుకున్నాను. ఆ తాబేలు నిజంగా నానే కట్టేనా, ఆపా కట్టిందాన్ని సూసి కట్టేనా అని కూడా అనిపించీది ఒకోసారి. పిచ్చి పట్టినట్టుండీది. నువ్వు ఎన్నిసార్లొచ్చి నా సేతన్నం తిన్నావు, ఒక్కసారి సెప్పలేకపోనావా?"

క్షమించమని అడగాలనుకున్నాను. అది కూడా ఆవిడ నుంచి ఇంకొకటి తీసుకోవడమే అనిపించి ఊరుకున్నాను.

అప్ప కాయని పక్కన పెట్టి, "ఇప్పుడేటని రాసేవు ఆ మూడూ?" అంది.

"మూడిట్లోనూ పెంచేది లేదు."

అప్ప కళ్ళు మూసుకుంది. కుడిచేతి చూపుడువేలు, బొటనవేలు కలిశాయి, ఒళ్ళో చిన్నగా కదిలాయి. ఆరు వరసలు గాలిలోనే గడిచాయి.

"తప్పు," అంది. "ఏడు మామూలే, పెంచేది లేదు. ఎనిమిదిలో ఒట్టి ఎనక పోగు లోంచి తీసేను. ముందు పోగు వదిలేసేను. అందుకే డిప్ప సుట్టూ గట్టులా లేసుండీది. తొమ్మిదిలో మూడు పెంచేను, అంచు కిందికి ఒంగకుండా. నీ తాబేలుకి గట్టేదిరా?"

అప్పుడు గుర్తొచ్చింది. పరీక్ష బల్ల మీద, కిటికీ వెలుతురులో, ఆ తాబేలు డిప్ప చుట్టూ సన్నటి గట్టు ఉంది. నా ఏడు తాబేళ్ళలో దేనికీ లేదు. సరిచేశానని నేను గర్వపడిన పని కూడా సరైంది కాదు.

అక్కడే నిలబడి హారికకి ఫోన్ చేశాను. అప్ప వినేలా స్పీకరు పెట్టాను. "అమ్మా, పొద్దున నీకు అబద్ధం చెప్పాను. ఆ తాబేలు నాది కాదు, మా అప్పది. ఆవిడ పేరు పైడితల్లి. లెక్కలు కూడా నేను తప్పుగా కట్టాను. అట్టముక్క మీద నా పేరు కొట్టెయ్యి," అన్నాను. ఆ పిల్ల, "మరి లెక్కలెలా సార్? ఆరింటికి కావాలి," అంది.

నేను జేబులోంచి పెన్ను తీశాను. అప్ప చెయ్యి అడ్డంపెట్టింది.

"నీకు సెప్పను," అంది. "నీ సేత్తో రాయించను. ఆ పిల్లనే అడగమను, ఆ పిల్లకే సెప్తాను."

పెన్ను జేబులో పెట్టుకుని, అప్ప నంబరు హారికకి చెప్పాను. అప్ప నాకు అన్నం పెట్టలేదు, పెడతాననలేదు. వస్తానని చెబితే తలూపింది.

తిరిగి ద్వారకా నగర్ చేరేసరికి నాలుగున్నర. వచ్చేదారిలో బస్సు దిగి, ఎందుకో, పాత ఊరి వైపు ఆటోలో పోయి ఒకసారి చూసొచ్చాను. మా సందు లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు మా వరస ఇళ్ళన్నీ పోయాయి. రజియా ఆపా గుమ్మం ఉన్నచోట టైర్ల కొట్టుంది. ఆపా కూతురు ఎక్కడుందో అక్కడ ఎవరికీ తెలీదు. కాలువలో ఓడ ఒకటి వెళ్తోంది గానీ గోడ ఎత్తు పెంచేశారు, పైన కొంచెం మాత్రం కనిపించింది. దాన్ని చూడ్డానికి ఎవరూ పరుగెత్తడం లేదు. చేతి తొడుగులు విప్పి దారం తీసే ఇల్లు ఆ చుట్టుపక్కల ఒక్కటి కూడా ఉండదు.

హాల్లో నా బల్ల ముందు నిలబడి, అట్టముక్క మీద నా పేరు నేనే కొట్టేసి పక్కన పైడితల్లి అని రాశాను. పక్క బల్లాయన, "ఏటి గురువుగారూ, పేరు మార్చేసారు?" అన్నాడు. ఆయనకి చెప్పాను. బొమ్మలు చూడ్డానికొచ్చిన ఇద్దరు టీచరమ్మలు విన్నారు. వాళ్ళకీ చెప్పాను. ఓడ నుంచి ఒట్టు దాకా, ఏదీ దాచకుండా. ఒకావిడ ముఖం ముడుచుకుని వెళ్ళిపోయింది. ఏడు తాబేళ్ళనీ బల్ల మీంచి తీసి సంచిలో వేశాను.

ఐదున్నరకి హారిక ఫోన్ చెవికి ఆనించుకుని, కాగితాలు పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చింది. తాబేళ్ళు తీసేసిన ఖాళీ చోటులో కాగితాలు పెట్టుకుని, నిలబడే రాయడం మొదలుపెట్టింది. "ఆ, చెప్పండమ్మా... ఏడు, పెంచేది లేదు... ఒక్క నిమిషం, ఎనిమిది మళ్ళీ చెప్పరా?" అంటోంది. అవతలి నుంచి అప్ప గొంతు సన్నగా వినిపిస్తోంది, మాటలు తెలియడం లేదు. నేను లేచి, నా కుర్చీ ఆ పిల్లకి ఇచ్చి, బయట మెట్ల మీదికి వెళ్ళి నిలబడ్డాను.